అలైనర్ పన్నును ఎక్కడ పట్టుకుంటుంది, ఎంత తోస్తుంది?

కడప ఏడురోడ్ల దగ్గర, అనంతపురం సుభాష్ రోడ్డులో, కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో ఈమధ్య పళ్ళ డాక్టర్ల బోర్డుల మీద ‘కనపడని క్లిప్పులు’ అన్న మాట బాగా కనిపిస్తోంది. వంకర పళ్ళను సరిచేయడానికి వాటి మీద తొడుక్కునే పారదర్శకమైన ప్లాస్టిక్ ట్రేలు ఇవి, అలైనర్లు అంటారు. లోపలికి వెళ్తే నోట్లో ఒక చిన్న కెమెరా తిప్పి స్కాన్ చేస్తారు, కొన్ని రోజులకు కంప్యూటర్లో ఒక బొమ్మ చూపిస్తారు. అందులో వంకర పళ్ళు వాటంతట అవే నెమ్మదిగా కదిలి, ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా నిలబడతాయి. అర నిమిషంలో అయిపోతుంది. ఇంట్లోవాళ్ళంతా తల ఊపి అడ్వాన్సు కట్టి వస్తారు. పన్ను ఎక్కడికి వెళ్ళాలో ఆ బొమ్మ చెప్తుంది, కానీ దాన్ని అక్కడికి తోసేది ఏది, ఎక్కడ పట్టుకుని తోస్తుంది, తోసినప్పుడు పక్క పళ్ళకు ఏమవుతుంది అన్నది చెప్పదు. అలైనర్లు ఒకరికి బ్రహ్మాండంగా పనిచేసి ఇంకొకరికి సగంలో ఎందుకు ఆగిపోతాయో తెలియాలంటే చూడాల్సింది ఆ చెప్పని భాగాన్నే.

నేను పళ్ళ డాక్టర్ని కాదు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పిల్లలకు పాఠాలు చెప్తాను. ఏ పదార్థం ఎంత వంగుతుంది, ఎంత బలానికి తట్టుకుంటుంది అన్నది నా సబ్జెక్టు. మా అక్క కూతురు కడపలో అలైనర్లు పెట్టించుకున్నాక, అది అడిగే ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ పోతే చివరికి తేలింది ఏంటంటే ఇదంతా నా సబ్జెక్టే. కాబట్టి ఏ క్లినిక్ మంచిది, ఎంత ఖర్చవుతుంది అన్న విషయాలు ఇక్కడ దొరకవు. ఆ ప్లాస్టిక్ ట్రేను ఎలా తయారు చేశారన్నదాన్ని బట్టి పంటి మీద పడే బలం ఎలా మారుతుందో, అంతవరకే.

తోసేది ఏది?

ఇనుప క్లిప్పుల్లో పన్నును లాగేది వంచిన తీగ. అలైనర్‌లో తీగ లేదు, స్క్రూ లేదు, స్ప్రింగు లేదు. అందులో తోసేదల్లా ట్రే ఆకారానికీ, ఈరోజు మన పళ్ళు ఉన్న ఆకారానికీ మధ్య ఉన్న చిన్న తేడా. ట్రేను ఇప్పటి పళ్ళకు అచ్చంగా సరిపోయేలా చేయరు. ఫలానా పన్ను పావు మిల్లీమీటర్ జరిగితే నోరు ఎలా ఉంటుందో ఆ నమూనాను త్రీడీ ప్రింటర్‌లో తీసి, దాని మీద వేడిచేసిన ప్లాస్టిక్ షీటును గాలి ఒత్తిడితో అద్ది, చల్లారాక అంచులు కత్తిరిస్తారు. అంటే ఆ ట్రే ఒకటి రెండు వారాల తర్వాతి నోటిది. దాన్ని ఇప్పటి నోట్లో నొక్కిపెడితే ఆ పన్ను దగ్గర ప్లాస్టిక్ సాగుతుంది, వంగుతుంది, మళ్ళీ తన అసలు ఆకారానికి రావాలని చూస్తుంది. ఆ చూడటమే పంటి మీద బలం.

ఆలోచన పాతదే. 1945లో అమెరికాలో కెస్లింగ్ అనే ఆర్థోడాంటిస్టు (పళ్ళ వరస సరిచేసే డాక్టరు) నమూనాలో పళ్ళను కొంచెం సరిచేసి అమర్చి, దానికి తగ్గట్టు రబ్బరు తొడుగు చేసి రోగికి ఇచ్చాడు. ఇలాంటివి వరసగా ఇస్తూ పోతే పెద్ద కదలికలు కూడా సాధ్యమేనని అప్పుడే అన్నాడు, కానీ ఒక్కో రోగికి అన్ని నమూనాలు చేత్తో చేసేదెవరు? కంప్యూటరూ త్రీడీ ప్రింటింగూ చేతికొచ్చాక, 1997లో మొదలైన అలైన్ టెక్నాలజీ ఆ పనిని ఇన్విజలైన్ పేరుతో వ్యాపారంగా మార్చింది. ఇప్పుడు మన దేశంలోనూ బోలెడు కంపెనీలు చేస్తున్నాయి, సూత్రం మాత్రం అందరిదీ ఒకటే.

మరి పావు మిల్లీమీటరే ఎందుకు? పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ మందంలో నారలతో, రక్తనాళాలతో నిండిన ఒక మెత్తని పొర ఉంటుంది, డాక్టర్లు పీరియడాంటల్ లిగమెంట్ అంటారు. ట్రే పెట్టగానే ముందు నలిగేది ఆ పొర. నలిగిన పక్కన ఎముకను కరిగించే కణాలు, సాగిన పక్కన కొత్త ఎముకను కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. మెల్లగా, రోజుల తరబడి సాగే పని ఇది. మామూలుగా నెలకు ఒక మిల్లీమీటర్ జరిగితే బాగా జరిగినట్టే. గట్టిగా నొక్కితే తొందరగా అయిపోతుంది కదా అనిపిస్తుంది. అయితే ఒత్తిడి మితిమీరితే ఆ పొరలో రక్తం ఆడటం ఆగి అక్కడి కణాలు చచ్చిపోతాయి, అప్పుడు ఎముక పంటివైపు నుంచి కరగలేదు, వెనకవైపు నుంచి తొలుచుకుంటూ రావాలి. అది జరిగేదాకా పన్ను ఉన్నచోటే ఉంటుంది, నొప్పి మాత్రం ఉంటుంది.

ఆర్థోడాంటిక్స్ పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే అంకెలు చూస్తే ఈ బలాలు ఎంత చిన్నవో తెలుస్తుంది. పన్నును వాల్చడానికి 35 నుంచి 60 గ్రాములు, నిలువునా పక్కకు జరపడానికి 70 నుంచి 120, చిగురులోకి దింపడానికైతే 10 నుంచి 20 గ్రాములే. ఒక్కో ట్రేకు పావు మిల్లీమీటర్, తిప్పాలంటే రెండు డిగ్రీల లోపు అన్న లెక్క అక్కడినుంచి వచ్చింది. ఒకే ట్రేలో అర మిల్లీమీటర్ పెడితే బలం దాదాపు రెట్టింపవుతుంది, అంతకంటే ముందు ట్రే పంటి మీద పూర్తిగా కూర్చోనే కూర్చోదు. సరిగ్గా కూర్చోని ట్రే కూడా ఎక్కడో ఒకచోట నొక్కుతూనే ఉంటుంది, మనం అనుకున్నచోట మాత్రం కాదు.

మందం లెక్క

షీటు మందం సాధారణంగా 0.75 మిల్లీమీటర్. డబ్బా మీద ఈ అంకె చూసి ట్రే అంతా 0.75 ఉంటుందనుకుంటాం. వేడి షీటును నమూనా మీద అద్దినప్పుడు అది సాగుతుంది, సాగినచోట పలచబడుతుంది, పైన ఒకలా, పంటి పక్కల్లో ఇంకోలా, చిగురు దగ్గర మరోలా ఉంటుంది. కొన్నిచోట్ల 0.5 దాకా దిగుతుంది. ఇందులో పెద్ద విశేషం ఏముంది అంటారా? ఒక పలక ఎంత బిరుసుగా వంగుతుందన్నది దాని మందం మీద కాదు, మందం ఘనం మీద, అంటే మందం × మందం × మందం మీద ఆధారపడుతుంది. 0.75 నుంచి 0.5 అయితే మందం మూడో వంతే తగ్గింది, వంగడానికి ఇచ్చే ఎదురు మాత్రం 30 శాతానికి పడిపోతుంది. ట్రే పూర్తిగా చదునైన పలక కాదు కాబట్టి నోట్లో ఈ లెక్క అచ్చంగా ఇలాగే రాదు, కానీ దారి మాత్రం ఇదే: ఒకే షీటు, ఒకే మెషీను, ఒకే ట్రేలో కూడా రెండు పళ్ళ మీద పడే బలం ఒకటి కాకపోవచ్చు.

అందుకని మందంగా చేసేస్తే పోలేదా అంటే, మందంగా ఉంటే పెట్టుకున్న మొదటి గంటలో బలం మరీ ఎక్కువైపోతుంది, ట్రే తీయడమూ పెట్టడమూ కష్టమవుతుంది. ఈ మధ్య పలచని మెత్తని ట్రేతో మొదలుపెట్టి, అదే దశకు మందమైన ట్రే తర్వాత ఇచ్చే పద్ధతులు కూడా వచ్చాయి. నా మటుకు నాకు అది తెలివైన పనే అనిపిస్తుంది.

మూడో రోజు ప్రశ్న

మా మేనకోడలు ఒక రాత్రి ఫోన్ చేసి, “మామా, కొత్త ట్రే పెట్టుకున్న రోజు పళ్ళన్నీ బిగిసిపోయినట్టు ఉంటాయి, సంగటి ముద్ద కూడా నమలబుద్ధి కాదు. మూడో రోజుకి ఏమీ ఉండదు. అంటే అది పనిచేయడం ఆపేసినట్టా? వచ్చేవారం ట్రే ఇప్పుడే వేసుకుంటే తొందరగా అయిపోతుంది కదా?” అని అడిగింది. మంచి ప్రశ్న, ఎందుకంటే బలం తగ్గిందన్న దాని అనుభవం నిజమే.

అక్కడ రెండు పనులు కలిసి జరుగుతాయి. ఒకటి, పన్ను కొంచెం జరిగింది, దాని చుట్టూ ఉన్న పొర నలిగి చోటిచ్చింది, కాబట్టి తేడా తగ్గింది. రెండోది ప్లాస్టిక్ స్వభావం. ఉక్కు తీగను వంచి పట్టుకుంటే నెల తర్వాత కూడా దాదాపు అంతే బలంతో తోస్తుంది. ప్లాస్టిక్ అలా కాదు, వంచి అలాగే ఉంచితే లోపలి అణువుల గొలుసులు మెల్లగా సర్దుకుని, వంగిన ఆకారానికే అలవాటు పడిపోతాయి. మా పాఠాల్లో దీన్ని స్ట్రెస్ రిలాక్సేషన్ అంటాం. వేడి, తేమ ఉంటే ఇంకా వేగంగా జరుగుతుంది, నోరంటేనే 37 డిగ్రీల వేడి, రోజంతా లాలాజలం. అందుకే ల్యాబుల్లో కొలిచినప్పుడల్లా కనిపించేది ఒకటే: బలంలో పెద్ద పతనం మొదటి కొన్ని గంటల్లోనే, మొదటి రోజు లోపే జరుగుతుంది, తర్వాత గ్రాఫులో బలం గీత నెమ్మదిగా దిగుతుంది.

కానీ బలం తగ్గితే పని ఆగినట్టు కాదు. ఆ తగ్గిన చిన్న బలంతోనే ఎముక కరుగుతూ, కడుతూ ఉంటుంది; మొదటి రోజు బిగుతు మనకు తెలుస్తుంది, తర్వాతి పది రోజుల పని మనకు తెలియదు, అంతే. వచ్చేవారం ట్రే ఇప్పుడే వేసుకుంటే ఎముక ఇంకా సర్దుకోని పంటి మీద మిగిలిన తేడాకు కొత్త తేడా కలుస్తుంది. ఇలా రెండు మూడు ట్రేలు ముందుకు దూకితే ఒక పంటి అంచుకూ ప్లాస్టిక్‌కూ మధ్య ఖాళీ కనపడటం మొదలవుతుంది, తర్వాతి ట్రేలు ఏవీ సరిగ్గా కూర్చోవు. “డాక్టరు చెప్పిన తేదీదాకా ఆగు తల్లీ” అన్నాను, ఆగిందో లేదో దానికే తెలియాలి.

పెట్‌జీ అనే రకం ప్లాస్టిక్ బిరుసుగా ఉంటుంది, మొదట గట్టిగా తోసి తొందరగా నీరుగారిపోతుంది. పాలియురెథేన్ రకాలు మెత్తగా ఉండి ఎక్కువ సాగుతాయి. ఈ గొడవంతా తగ్గించడానికే 2013లో అలైన్ కంపెనీ స్మార్ట్‌ట్రాక్ పేరుతో పొరలు పొరలుగా ఉండే షీటుకు మారింది, తర్వాత మిగతావాళ్ళూ గట్టి పొరల మధ్య మెత్తని పొర పెట్టే దారి పట్టారు. మొదటి గంటలో తక్కువ, చివరి రోజుల్లో ఎక్కువ, అంటే గీత వీలైనంత చదునుగా ఉండాలన్నదే అందరి తాపత్రయం.

మన వైపు ఎండల గురించి ఇక్కడే చెప్పాలి. పెట్‌జీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడి ఆకారం వదిలేస్తుంది. మే నెలలో కర్నూలులో బయట 42, 43 ఉన్నా దానివల్ల ట్రే కరిగిపోదు, కానీ అద్దాలు ఎక్కించి ఎండలో నిలబెట్టిన కారు డాష్‌బోర్డు మీద పెడితే పరిస్థితి వేరు. వేడి నీళ్ళతో కడిగితే కూడా అంతే, కంటికి కనపడనంత వంకర పోతే చాలు, మనం మాట్లాడుకుంటున్నది పావు మిల్లీమీటర్ గురించి. ట్రే నోట్లో ఉండగానే పొగలు కక్కే టీ తాగేవాళ్ళు మరక గురించే భయపడతారు, నిజానికి ఆ వేడికి ప్లాస్టిక్ వదులవడం అంతకంటే పెద్ద నష్టం.

ఇక రోజుకు 22 గంటలు పెట్టుకోమంటారు. పొద్దున ఉగ్గాని బజ్జీ, పదకొండింటికి టీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం ఉడకబెట్టిన చెనిక్కాయలు, రాత్రి మళ్ళీ భోజనం. తీసిన ప్రతిసారీ అరగంట, ముప్పావుగంట పోతే 22 కాస్తా 21, 20 అవుతుంది. తీసిన ప్రతిసారీ పన్ను కొంచెం వెనక్కి వస్తుంది, పెట్టిన ప్రతిసారీ మళ్ళీ గట్టిగా నలుగుతుంది, మెల్లగా తగ్గాల్సిన బలం రోజంతా ఎగుడుదిగుడుగా మారుతుంది. తినడం మానమని ఎవరూ అనరు, తినే వేళలు తగ్గించుకోవాలి, అంతే.

వాలడం సులభం, నిలువునా జరగడం కష్టం

ఇప్పటిదాకా ఎంత తోస్తుందన్న విషయం. ఎక్కడ తోస్తుందన్నది ఇంకా ముఖ్యం, అలైనర్ల తంటాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

ఎనుమును కట్టే గూటం పైన చెయ్యి పెట్టి తోసి చూడండి. అది వాలుతుంది తప్ప నిలువునా పక్కకు జరగదు, ఎందుకంటే భూమి పట్టుకున్నది కింద, మనం తోసింది పైన. పన్నూ అంతే. పై దవడ కోరపన్నులో బయట కనిపించేది సుమారు 10 మిల్లీమీటర్లయితే, లోపల వేరు 17 దాకా ఉంటుంది. వాలకుండా జరగాలంటే బలం ఎముక లోపల ఒక బిందువు గుండా పోవాలి. ఒంటి వేరు పళ్ళకు ఆ బిందువు, ఎముక అంచు నుంచి వేరు కొన దాకా ఉన్న దూరంలో మూడో వంతుకూ సగానికీ మధ్య ఉంటుంది. ప్లాస్టిక్ చిగురు దాటి లోపలికి పోలేదు కదా, అది తాకగలిగింది పైభాగాన్నే.

ఒక చిన్న లెక్క వేద్దాం. ముందు పన్నును వెనక్కి జరపడానికి పైభాగంలో 100 గ్రాముల బలం పెట్టాం, ఆ బిందువు 10 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. వాల్చే భ్రామకం, అంటే బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చే తిప్పే ప్రభావం, 1000 గ్రాము-మిల్లీమీటర్లు. వాలకూడదంటే దీనికి సరిగ్గా ఎదురు భ్రామకం ఇవ్వాలి, అంటే పంటి ముందువైపు చిగురు దగ్గర ఒకచోట లోపలికి, వెనకవైపు కొరికే అంచు దగ్గర ఇంకోచోట బయటికి, రెండు ఎదురెదురు నొక్కులు ఒకేసారి పడాలి. ఈ రెండు నొక్కుల మధ్య దూరం 5 మిల్లీమీటర్లనుకుంటే ఒక్కోటి 200 గ్రాములు ఉండాలి. జరపడానికి 100 చాలు, వాలకుండా ఆపడానికి మాత్రం రెండు చోట్లా 200 చొప్పున కావాలి! పైగా ఆ రెంట్లో ఒకటి పడాల్సింది చిగురు దగ్గర, ట్రేలో అన్నిటికంటే బలహీనమైన చోటు సరిగ్గా అదే. తెరిచి ఉన్న అంచు, పలచబడిన ప్లాస్టిక్, కొంచెం నొక్కగానే బయటికి విచ్చుకుంటుంది.

ఇది తెలిసి చూస్తే ట్రే మీద కనిపించే విచిత్రాలన్నీ అర్థమవుతాయి. కొన్ని ట్రేలలో ముందు పళ్ళ చిగురు దగ్గర అడ్డంగా ఒక చిన్న గాడి నొక్కినట్టు ఉంటుంది, పవర్ రిడ్జ్ అంటారు. విచ్చుకునే అంచును బిరుసు చేసి, పంటిని సరిగ్గా ఆ గీత మీద నొక్కడానికే అది. తయారీ లోపం కాదు, గోటితో చదును చేయకండి.

ఆ బొడిపెలు ఎందుకు

‘కనపడని క్లిప్పులు’ అని చెప్పి పళ్ళ మీద తెల్ల బొడిపెలు అతికిస్తే చాలామందికి మోసపోయినట్టు అనిపిస్తుంది. వాటిని అటాచ్‌మెంట్లు అంటారు, పుప్పిపన్ను నింపే కాంపోజిట్‌తోనే చేస్తారు. నున్నని పంటిని నున్నని ప్లాస్టిక్ పట్టుకోలేదు, పట్టు కోసమే ఆ బొడిపె. కోరపన్ను వెనకుండే చిన్న దవడపన్ను పైనుంచి చూస్తే గుండ్రంగా ఉంటుంది, ప్రత్యేకించి కింది దవడలో. దాన్ని తిప్పాలంటే ట్రే ఎక్కడ ఆనుకోవాలి? గుండ్రని పంటి చుట్టూ ప్లాస్టిక్ జారిపోతుంది, ట్రే తిరుగుతుంది గానీ పన్ను తిరగదు. కిందికి దింపాల్సిన పై పన్ను సంగతీ అంతే; రెండు పక్కలా నొక్కితే అది కిందికి రాకపోగా చిగురులోకే నెట్టబడవచ్చు. బొడిపెకు ఒక వాలు ముఖం పెట్టి, ట్రేలో దానికి తగిన గూడు కొంచెం జరిపి చేస్తే, ఆ ముఖం మీద పడ్డ నొక్కు పన్నును కావలసిన దిక్కుకు నడిపిస్తుంది. అందుకే బొడిపె ఆకారం, ఏ ముఖం ఎటు వాలింది, పంటి మీద ఎంత ఎత్తులో ఉంది అన్నవి అలంకారం కావు. అటాచ్‌మెంట్ ఊడిపోయినా, నమిలీ నమిలీ మూలలు అరిగినా ఆ పంటి వరకు ట్రే ఖాళీ డొల్లే.

ఇంటికే కిట్ పంపించే పద్ధతి ఎందుకు దెబ్బతిన్నదో కూడా ఇక్కడ కొంత తెలుస్తుంది. పోస్టులో ట్రేలు పంపవచ్చు, పంటి మీద బొడిపె అతికించే చెయ్యిని పంపలేరు. బొడిపెలు లేని ట్రే ప్రధానంగా వాల్చగలదు, అంతే. అమెరికాలో ఆ వ్యాపారంలో అందరికంటే పెద్దదైన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది, దానికి అప్పులూ ఇతర కారణాలూ చాలా ఉన్నాయి, అది వేరే కథ.

మన అనంతపురం జిల్లాకు ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇక్కడ చాలా ఊళ్ళలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, చిన్నప్పుడు ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, సుద్దలాంటి గీతలు మనకు కొత్త కాదు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక ఎన్నో ఊళ్ళకు వేరే నీళ్ళు అందాయి, అయినా అంతకుముందు పెరిగిన తరం పళ్ళు అలాగే ఉన్నాయి. బొడిపె అతికించే ముందు పంటి ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ యాసిడ్‌తో గరుకు చేస్తారు, ఆ గరుకులోకి జిగురు దిగి పట్టుకుంటుంది. ఫ్లోరోసిస్ ఉన్న పంటి పై పొర యాసిడ్‌కు సులభంగా లొంగదు, గరుకు సరిగ్గా రాదు, బొడిపె త్వరగా ఊడిపోతుంది. అలాంటి పళ్ళకు యాసిడ్ ఎక్కువసేపు ఉంచడమో, ముందుగా పై పొరను కొంచెం అరగదీయడమో చేస్తారు. మీ పళ్ళ మీద అలాంటి మచ్చలుంటే మొదటిరోజే ఈ మాట డాక్టరుతో ఎత్తండి, ఏ ఊర్లో పెరిగారో కూడా చెప్పండి. బలం గురించి కంప్యూటర్ ఎంత గొప్ప లెక్క వేసినా చివరికి అది ఆ జిగురు మీదే ఆధారపడి ఉంది.

అంచు ఎక్కడ కత్తిరించారు

ట్రే అంచును చిగురు గీత వెంబడే వంపులు వంపులుగా కత్తిరించవచ్చు, లేదా చిగురు మీదికి రెండు మిల్లీమీటర్లు పోనిచ్చి తిన్నగా కత్తిరించవచ్చు. మొదటిది చూడ్డానికి బాగుంటుంది, గుచ్చుకోదు. రెండోది గట్టిగా పట్టుకుంటుంది. ఈ తేడాను 2012లో కొలిచి చూశారు, బొడిపెలు లేకపోయినా తిన్నగా కత్తిరించిన ఎత్తు అంచు ట్రే ఊడిరావడానికి ఎన్నో రెట్లు ఎక్కువ బలం కావాల్సి వచ్చింది. కారణం పైన చెప్పిందే, అంచు చిగురు దాటి పోయినప్పుడు విచ్చుకోవడం తగ్గుతుంది, చిగురు దగ్గర పడాల్సిన నొక్కు నిజంగా అక్కడ పడుతుంది. మనవాళ్ళు చేసే పని ఒకటుంది, పెదవికి గుచ్చుకుంటోందని నెయిల్ కట్టర్ తీసుకుని అంచు ఒక ముక్క లేపేస్తారు. పదునుగా ఉంటే గోరు అరగదీసే ఆకురాయితో నున్నగా చేసుకోవచ్చు, కత్తిరించడం వేరు. కత్తిరించింది చూడ్డానికి చిన్న ముక్కే, పట్టు ఉన్నది మాత్రం ఆ ముక్కలోనే.

ఒకటి తోస్తే ఇంకోటి వెనక్కి నెట్టబడుతుంది

న్యూటన్ మూడో సూత్రం నోట్లోనూ ఆగదు. ఒక పన్నును ట్రే వెనక్కి తోస్తే, అంతే బలం ట్రే ద్వారా మిగతా పళ్ళ మీద ముందుకు పడుతుంది. ఒక్క పన్ను జరగాలి, పది పళ్ళు కదలకుండా నిలబడాలి అంటే ఆ పదీ బలాన్ని పంచుకోవాలి. అందుకే పళ్ళన్నిటినీ ఒకేసారి కాకుండా వంతులవారీగా జరుపుతారు. దవడపళ్ళను వెనక్కి తీసుకెళ్ళేటప్పుడు ముందు చివరి పన్ను, అది సగం దూరం వెళ్ళాక దాని ముందుది, అలా. ఈ పనిలో అలైనర్లు మెచ్చుకోదగినంత బాగానే చేస్తాయి: 2014లో వచ్చిన ఒక జర్మన్ అధ్యయనంలో పై దవడపళ్ళను వెనక్కి జరపడంలో అనుకున్నదానిలో 87 శాతం నిజంగా జరిగింది, చిన్న దవడపళ్ళను తిప్పడంలో 40 శాతమే.

కష్టమంతా ఎత్తుపళ్ళ దగ్గర. మన దక్షిణాదిలో ఆర్థోడాంటిస్టు దగ్గరికి వెళ్ళేవాళ్ళలో పై, కింది ముందు పళ్ళు రెండూ ముందుకొచ్చినవాళ్ళు చాలామంది, వాళ్ళకు నాలుగు చిన్న దవడపళ్ళు తీయించి ఆ ఖాళీలోకి ముందు పళ్ళను వెనక్కి తేవాలి. పన్ను తీసిన ఖాళీలో ట్రేకు ఆనిక లేదు, అక్కడ అది వంతెనలా వేలాడుతుంది, వంగుతుంది. ముందు పళ్ళు నిలువునా రాకుండా లోపలికి వాలిపోతాయి, వెనక దవడపళ్ళు ముందుకు ఒరుగుతాయి, మధ్యలో కొరుకు కలవకుండా పోతుంది. అనుభవం ఉన్న డాక్టరు దీన్ని ముందే ఊహించి బొమ్మలో కావాలనే ముందు పళ్ళను కొంచెం బయటికి వాల్చి, దవడపళ్ళను వెనక్కి ఒరిగించి పెడతారు, నిజంగా అలా కావాలని కాదు, ప్లాస్టిక్ వంగిపోయాక చివరికి నిలువుగా మిగలాలని. కాబట్టి తెర మీద చివరి బొమ్మ మరీ అందంగా, పళ్ళన్నీ గీత గీసినట్టు ఉంటే నాకు కొంచెం అనుమానమే. ఇలాంటి కేసుల్లో ఎముకలో చిన్న స్క్రూ వేసి ఆనిక తీసుకోవడం, లేదా కొంతకాలం మామూలు తీగ క్లిప్పులే వేయడం కూడా ఉంటుంది. క్లిప్పులే వేద్దామని డాక్టరు అంటే పాతకాలం డాక్టరనుకోవాల్సిన పనిలేదు.

మొత్తంమీద బొమ్మలో చూపించిందానిలో ఎంత జరుగుతుంది? 2009లో అమెరికాలో ముందు పళ్ళ మీద కొలిస్తే సగటున 41 శాతం వచ్చింది. 2020లో కొత్త ప్లాస్టిక్, కొత్త బొడిపెలు వచ్చాక మళ్ళీ కొలిస్తే 50. అందుకే మొదటి సెట్టు అయ్యాక మళ్ళీ స్కాన్ చేసి ఇంకో సెట్టు ఇస్తారు, రిఫైన్‌మెంట్ అంటారు. అది వైద్యం విఫలమైనట్టు కాదు, మొదటినుంచీ లెక్కలో ఉండాల్సిందే. డబ్బు కట్టేముందు అడగాల్సింది కూడా అదే: ఎన్ని రిఫైన్‌మెంట్లు ఇందులో కలిపారు, ఏ పంటికి ఏ బొడిపె ఎందుకు పెట్టారు, ఏ పన్ను అనుకున్నట్టు రాకపోవచ్చని మీ అంచనా. ఈ మూడో ప్రశ్నకు ఏదో ఒక పన్ను పేరు చెప్పే డాక్టరు నాకు నచ్చుతారు. కడపలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది, సందేహం ఉంటే అక్కడి ఆర్థోడాంటిక్స్ విభాగంలో ఇంకో మాట అడగొచ్చు.

ఈమధ్య నమూనా మీద షీటు అద్దకుండా ట్రేనే నేరుగా త్రీడీ ప్రింట్ చేయడం మొదలైంది. కొరియాలో చేసిన ఒక రెసిన్ వేడినీళ్ళలో మెత్తబడి, నోట్లో తన ఆకారాన్ని మళ్ళీ గుర్తు తెచ్చుకుంటుంది. దీనివల్ల మందం ఎక్కడ ఎంత ఉండాలో గీసినట్టే వస్తుంది, చిగురు దగ్గర కావాలంటే ఎక్కువ, పైన తక్కువ. ఇది బాగా కుదిరితే మందం గురించి పైన రాసిన బాధ చాలావరకు తీరుతుంది.

చివరగా, వైద్యం అయ్యాక ఇచ్చే రిటైనర్ కూడా చూడ్డానికి అదే ట్రే. ఒకటే రకం షీటు, అదే మెషీను, ఒకే ఒక్క మార్పు, పళ్ళు ఇప్పుడు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే చేస్తారు. తేడా సున్నా, కాబట్టి బలం సున్నా. అలైన్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన జియా చిష్తీకి ఈ వ్యాపారం ఆలోచన తట్టింది కూడా రిటైనర్ వల్లేనంటారు, కొన్నాళ్ళు పెట్టుకోకపోతే పళ్ళు జరిగాయి, మళ్ళీ పెట్టుకుంటే అది వాటిని వెనక్కి తెచ్చింది. కాబట్టి ఊరెళ్ళి వారం రోజులు మర్చిపోయిన రిటైనర్ మళ్ళీ పెట్టుకున్నప్పుడు బిగుతుగా అనిపిస్తే పళ్ళు అప్పుడే కదిలాయని లెక్క. పూర్తిగా కూర్చుంటే మానకుండా పెట్టుకోండి, కూర్చోకపోతే బలవంతంగా నొక్కకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.